పాట బారి నుంచి కాపాడే యాప్‌లు

పాటల యాప్‌లు శబ్దాన్ని పాడుచేస్తున్నాయని ఎవరైనా మీ దగ్గర వాపోతే, దయచేసి వాళ్ళతో కలిసి వాపోకండి. పాడుచెయ్యబట్టే మనం బతికిపోయాం! యాప్‌లన్నీ ఒక్కలాగే, నిక్కచ్చిగా, చక్కగా వినిపిస్తే ఏమయ్యేదో ఎప్పుడైనా ఆలోచించారా? కూర్చుని పాట వినాల్సి వచ్చేది!

మొదటి నుంచి చివరిదాకా! మధ్యలో లేవకుండా! ఒకరు గొంతు విప్పి మనసులో ఉన్నదంతా పాడుతుంటే, ఆ మనసు సంగతి మనం పట్టించుకోవాల్సి వచ్చేది. ఈ రోజుల్లో అంత తీరిక, అంత గుండెధైర్యం ఎవరికి ఉన్నాయండీ?

ఊరికే అనడం లేదు. నా దగ్గర సాక్ష్యం ఉంది. ఆ సాక్ష్యం పేరు బావ. మా అక్క మొగుడు.

బావకి కళ్ళజోళ్ళ షాపు ఉంది. ముందు గదిలో ఫ్రేములు, వెనక గదిలో కళ్ళ పరీక్ష. పైకీ కిందికీ జరిగే కుర్చీ, ఎదురుగోడ మీద పెద్దవాటి నుంచి చీమతలలంత వాటి దాకా అక్షరాలు. కూర్చున్నవాళ్ళ ముక్కు మీద బరువైన గుండ్రటి ఫ్రేము ఒకటి పెట్టి, అందులో ఒక అద్దం వేసి, అది తీసి ఇంకోటి వేసి, "ఇది బాగుందా? అది బాగుందా? ఒకటా? రెండా?" అని అడుగుతాడు. అవతలివాళ్ళు "రెండూ ఒకటేనండీ" అనేదాకా వదలడు. ఆ మాట అన్నారంటే నంబరు కుదిరినట్టు లెక్క. అప్పుడు బావ మొహం వెలిగిపోతుంది.

అలాంటి మనిషి ఒక రోజు డిజిటల్ ఆడియో ప్లేయర్ కొన్నాడు. చూడ్డానికి ఫోన్‌లాగే ఉంటుంది కానీ అందులో ఫోన్ రాదు. లావూ ఎక్కువ, బరువూ ఎక్కువ. జేబులో వేసుకుంటే చొక్కా ఒక పక్కకి ఒరిగిపోతుంది. పాటలు వినిపించడం తప్ప దానికి ఇంకో పని చేతకాదు.

"ఇందులో పాట ఎలా ఉంటుందో తెలుసా? పాడేవాళ్ళు వచ్చి నీ ఎదురుగా కూర్చున్నట్టే ఉంటుందిరా!" అన్నాడు బావ, ఏనుగెక్కినంత సంబరంతో.

పాపం, మొదట్లో నిజంగానే పాటలు విన్నాడు. ఆ తర్వాత పక్క షాపు నుంచి మందుల షాపాయన వచ్చాడు.

ఆయన దగ్గర కూడా ఇలాంటి ప్లేయరే ఉంది, ఇంకా లావుపాటిది. ఆయన బావ ప్లేయర్‌ని చేతిలోకి తీసుకుని, డాక్టరు రాసిచ్చిన చీటీ చూసినట్టు స్క్రీన్ చూసి, పెదవి విరిచాడు.

"ఏ యాప్‌లో వింటున్నారు?"

"ఏ యాప్ అయితే ఏముందండీ? పాట అదే, పెట్టె అదే కదా!"

"అయ్యయ్యో! మీకు ఎవరూ చెప్పలేదా?" అన్నాడాయన, ఇంట్లో ఎవరికో జబ్బు చేసిందన్నంత జాలిగా.

ఆ పూటతో బావ పాటలు వినడం మానేసి, యాప్‌లు వినడం మొదలుపెట్టాడు.

సంగతేమిటో మీకూ చెప్పడం నా ధర్మం. ఫైల్‌లో ఉన్న పాట నేరుగా మన చెవికి రాదట. ప్లేయర్ లోపల సిస్టమ్ అనే దళారి ఒకడు కూర్చుని ఉంటాడట. వచ్చిన ప్రతి పాటనీ తనకి నచ్చిన కొలతకి మార్చి పంపుతాడట. కొన్ని యాప్‌లు పాటని తీసుకెళ్ళి ఆ దళారి చేతిలో పెట్టేస్తాయి. కొన్ని అతని కన్నుగప్పి దొడ్డిదారిన పంపిస్తాయి. ఇంకొన్ని, గట్టిగా ఉన్న పాటని తగ్గించి, మెల్లగా ఉన్నదాన్ని పెంచి, అన్నిటినీ ఒకే మట్టానికి చదును చేసేస్తాయి. తేడా ఉంటుంది, నేను కాదనను. ఎంత ఉంటుంది? అక్కడే ఉంది మజా! అది తేల్చుకోవడానికి ఒక జీవితం చాలదు. బావ తన జీవితాన్ని సంతోషంగా రాసిచ్చేశాడు.

ఇంకో సౌకర్యం కూడా ఉంది. ఆ ప్లేయర్ అంచున చిన్న లైటు ఉంటుంది. పాట ఏ కొలతలో బయటికి వెళుతోందో రంగులో చెబుతుంది. పసుపు వెలిగితే మామూలు. ఆకుపచ్చ అయితే పర్వాలేదు. నీలం అయితే ఇక జన్మ తరించినట్టే! దాంతో బావకి చెవులతో ఉన్న కాస్త అవసరం కూడా తీరిపోయింది. లైటు చూసి పరవశించడం నేర్చుకున్నాడు. ఎంతైనా కళ్ళ వ్యాపారం కదా!

ఆదివారం మధ్యాహ్నాలు షాపు మూసి, బావా మందుల షాపాయనా వెనక గదిలో చేరతారు. "ఈ యాప్‌లో చోటు ఎక్కువ ఉందండీ." "అవును, గాలి కూడా బాగా ఆడుతోంది." "వెలుతురు కాస్త తక్కువ కదూ?" బయటినుంచి వినేవాళ్ళు వీళ్ళిద్దరూ అద్దె ఇల్లు చూస్తున్నారనుకుంటారు.

అన్నిటికన్నా మెచ్చుకోవాల్సిన విషయం, పాటలో గొంతు మొదలయ్యేలోపే వీళ్ళ పరీక్ష అయిపోతుంది. కాస్త వయొలిన్ రాగానే ఆపి, యాప్ మార్చి, మళ్ళీ మొదటికి వెళ్ళిపోతారు. బావకి ఎన్నో పాటల మొదళ్ళు కంఠతా వచ్చు. అవి ఎవరు పాడారో, అసలు ఎవరైనా పాడారో లేదో తెలియదు. ప్రేమలో దెబ్బతిన్నవాళ్ళ ఏడుపులూ, దూరమైనవాళ్ళ పిలుపులూ ఒక్కటీ అతని చెవిన పడవు. ఎంత ప్రశాంతమైన బతుకు! ఈ భాగ్యం యాప్‌ల చలవ కాదా?

ఇక మా అక్క సంగతి.

అక్క బస్టాండులో పనిచేస్తుంది. ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తోందో మైకులో చెప్పేది ఆవిడే. అక్కడి స్పీకర్లు రేకుడబ్బాలకి తోబుట్టువులు. సగం మాటలు గరగర, మిగతా సగం కీచు. ఆ శబ్దం వింటే మందుల షాపాయన అక్కడికక్కడే మూర్ఛపోతాడు. అయినా అక్క నోరు తెరిచిందంటే జనం కబుర్లాపి, పిల్లల్ని ఊరుకోబెట్టి, చెవులు రిక్కించి మరీ వింటారు.

డిపో వార్షికోత్సవం దగ్గరపడింది. "రోజంతా బస్సుల పేర్లు చదివే గొంతుతో ఒక్క పాట పాడకూడదామ్మా? శుక్రవారం మధ్యాహ్నంలోగా ఏ సంగతీ చెప్పు" అన్నాడు డిపో మేనేజరు.

అక్కకి పాడాలని ఎంత ఆశో అంత భయం. స్కూల్లో చదివేటప్పుడు ఒకసారి స్టేజీ ఎక్కి, సగంలో మాటలు మరిచిపోయి, అందరూ నవ్వితే ఏడుస్తూ దిగివచ్చింది. ఆ తర్వాత నలుగురిలో ఎప్పుడూ పాడలేదు. అందుకని ఈసారి ముందుగా ఒక్కళ్ళకి వినిపించి, వాళ్ళు సరేనంటేనే ఒప్పుకుందామనుకుంది. ఆ ఒక్కళ్ళు ఎవరు? కట్టుకున్నవాడే! పైగా అతను పాటలు వినడానికే ప్రత్యేకంగా పెట్టె కొన్నవాడు!

వంటింట్లో నిలబడి, ఫోన్‌లో పాట రికార్డు చేసింది. అమ్మ పాడుకునే పాత పాట. పాడడం అయ్యాక ఫోన్ ఆపకుండా, బస్సుల సంగతి చెప్పే గొంతుతోనే ఇలా అంది: "ఏవండీ, నలుగురిలో పాడొచ్చనిపిస్తే వచ్చి ఒక్క మాట చెప్పండి, పాడతాను. బాగాలేకపోతే ఏమీ అనకండి. నేనే అర్థం చేసుకుంటాను. మీరు మొహమాటపడక్కర్లేదు."

అంతే. మాట చెబితే పాట, చెప్పకపోతే లేదు.

ఆ రికార్డు నాకూ వినిపించింది. ఫోన్ చెవికి ఆనించుకుని విన్నాను. అక్క గొంతులో అచ్చం అమ్మే ఉంది. కళ్ళు చెమర్చాయి. అంత చిన్న ఫోన్ స్పీకరుకి మనుషుల్ని ఏడిపించే అధికారం ఎవరిచ్చారో కంపెనీవాళ్ళు విచారించాలి.

"బాగుందక్కా, పాడు" అన్నాను.

"నువ్వు తమ్ముడివిరా. నేను దగ్గినా బాగుందంటావ్. ఆయన అంటే వేరు." పైగా చివర్లో తను అన్న మాటల సంగతి బావ దగ్గర ఎత్తనని నాతో ఒట్టు వేయించుకుంది. "అడిగి చెప్పించుకుంటే అది మెప్పెలా అవుతుందిరా?" అంది.

బావ ఆ ఫైల్‌ని ప్లేయర్‌లో వేశాడు. పసుపు లైటు వెలిగింది. బావ మొహం మాడిపోయింది. వెంటనే ఆపేశాడు.

"విన్నారా?" అంది అక్క భోజనాల దగ్గర, కంచం వైపే చూస్తూ.

"వింటున్నాను."

"ఎలా ఉంది?"

"ఇంకా తేలలేదు. ఇలాంటివి తొందరపడి చెప్పకూడదోయ్."

తొందరేం లేదు! శుక్రవారం ఎక్కడికి పోతుంది?

బుధవారం మధ్యాహ్నం అక్కని షాపుకి రమ్మన్నాడు. అక్క మంచి చీర కట్టుకుని మరీ వెళ్ళింది. బావ ఆవిడని కళ్ళ పరీక్ష కుర్చీలో కూర్చోబెట్టి, కుర్చీ ఎత్తు సరిచేసి, తలకి పెద్ద హెడ్‌ఫోన్స్ తగిలించాడు. ఎదురుగా అక్షరాల బోర్డు. లైటు ఆర్పేశాడు.

"ఇది ఒకటి," అని కాస్త వినిపించి ఆపాడు. "ఇది రెండు. ఏది బాగుంది? ఒకటా? రెండా? రెప్ప వెయ్యకు." ఆ చివరి మాట అలవాటు మీద వచ్చేసింది.

"పాట మొదలే కాలేదు కదండీ! నేను గొంతు సవరించుకుంటున్నాను."

"పాట అక్కర్లేదు. ఆ సవరించుకోవడం ఏ యాప్‌లో బాగుందో చెప్పు."

"రెండూ ఒకటేనండీ."

కళ్ళ పరీక్షలో ఆ మాటకి వెలిగిపోయే మొహం ఇప్పుడు నల్లబడింది. "సరిగ్గా విను" అని మళ్ళీ మొదటికి వెళ్ళాడు.

"నేను ఎలా పాడానో చెప్పరేం?" అని అడిగేసింది అక్క, ఉండబట్టలేక.

"పాడడం సంగతి తర్వాత. ముందు నువ్వు ఏ యాప్‌లో పాడావో తేలాలి కదా!"

ఈ మాటని బంగారు అక్షరాలతో రాయించి ప్రతి యాప్ కంపెనీ గుమ్మానికీ వేలాడదీయాలి.

అప్పుడే మందుల షాపాయన లోపలికి వచ్చాడు. హెడ్‌ఫోన్స్ తను తీసుకుని కళ్ళు మూసుకున్నాడు. "అమ్మా, మీ ఫ్రిజ్ ఎడమవైపు ఉంది. అవునా?" అక్క తలూపింది. "ఫ్యాను పాతది. కిటికీ తెరిచి ఉంది. వీధిలో ఎవరో గేటు వేశారు. ఆహా! ఆ ఫ్రిజ్ మోత ఎంత నిండుగా వచ్చిందండీ!" ఇద్దరూ ఆ ఫ్రిజ్‌ని ఆకాశానికెత్తేశారు. అక్క గొంతు విప్పేలోపు ఆపి, మూడో యాప్‌లో ఫ్రిజ్ ఎలా ఉందో చూశారు.

ఆ సాయంత్రం అక్క మా ఇంటికి వచ్చింది. నేను బావని నాలుగు తిట్టడానికి సిద్ధంగా ఉన్నాను. అక్క తిట్టనివ్వలేదు.

"నీకు అర్థం కాలేదురా. ఆయన ఎప్పుడో వినేశారు. బాగాలేదని మొహం మీద చెప్పలేక, పాపం, ఆ యాప్‌లని అడ్డం పెట్టుకుని దాటేస్తున్నారు. నా మనసు నొప్పించకూడదని ఎంత అవస్థ పడుతున్నారో!"

చూశారా! ఇన్నేళ్ళ కాపురం తెచ్చిపెట్టలేని దయాగుణాన్ని నాలుగు యాప్‌లు కలిసి ఒక మొగుడికి అంటగట్టాయి. ఇంతకంటే మేలు ఇంకెవరైనా చెయ్యగలరా?

ఒట్టు వేశాను కాబట్టి అసలు సంగతి చెప్పలేను. మర్నాడు షాపుకి వెళ్ళి, "బావా, ఆ పాట ఒక్కసారి చివరిదాకా విను" అని మాత్రం అన్నాను.

"చివర్లో ఏముంటుందిరా? ఏ పాటైనా చివరికి ఆగిపోవడమే కదా!" అన్నాడు.

గురువారం సాయంత్రం ఇంట్లో అద్భుతం జరిగింది. ఏ యాప్‌లో ఏ మూల నొక్కాడో గానీ, అక్క పాటకి నీలం లైటు వెలిగింది! బావ సోఫాలోంచి ఎగిరి లేచాడు. "వచ్చేసింది! ఇదీ అంటే! నేను అనుకుంటూనే ఉన్నా!" అని అరిచాడు.

వంటింట్లో అక్క స్టవ్ ఆపేసింది. చేతులు తుడుచుకుంది. జుట్టు సరిచేసుకుని, గుమ్మం వైపు తిరిగి నిలబడింది. బావ అడుగులు దగ్గరయ్యాయి. గుమ్మందాకా వచ్చాయి. గుమ్మం దాటి, హాలు చివర ప్లగ్గు దాకా వెళ్ళాయి. నీలం లైటు చార్జింగ్ ఎక్కువ తాగుతుందట. ప్లేయర్‌కి వైరు తగిలించి, మందుల షాపాయనకి ఫోన్ చేసి శుభవార్త చెప్పాడు. అక్క మళ్ళీ స్టవ్ వెలిగించింది. ఈ సంగతి నాకు చెబుతున్నప్పుడు నవ్వడానికి చాలా ప్రయత్నం చేసింది.

శుక్రవారం మధ్యాహ్నం అక్క మేనేజరు గదికి వెళ్ళి, "నాకు రాదండీ, వేరేవాళ్ళని చూసుకోండి" అని చెప్పేసింది. ఆ చోటు ఒక డ్రైవర్‌కి ఇచ్చారు. అతను నోటితో రకరకాల ఇంజన్లు స్టార్ట్ చేస్తాడు.

సాయంత్రం బావ షాపులో ఇంకో కొత్త యాప్ వేసుకున్నాడు. దాన్ని స్పీకర్‌కి కలిపి, కుర్చీలో ఒక పెద్దమనిషికి కళ్ళు చూస్తూనే అక్క ఫైల్ నొక్కాడు. ఆ కొత్త యాప్‌కి ఏదో తిక్క. మొదటి నుంచి కాకుండా చివరి నుంచి ఎత్తుకుంది. గది నిండా అక్క గొంతు. పాట కాదు, మాట.

"...వచ్చి ఒక్క మాట చెప్పండి, పాడతాను. బాగాలేకపోతే ఏమీ అనకండి. నేనే అర్థం చేసుకుంటాను. మీరు మొహమాటపడక్కర్లేదు."

బావ చేతిలో అద్దం చేతిలోనే ఉండిపోయింది.

"బస్టాండులో వినే గొంతులా ఉందే! ఎవరండీ?" అన్నాడు కుర్చీలో పెద్దమనిషి, ముక్కు మీద ఫ్రేముతో.

"మా ఆవిడ."

"ఏం చెప్పారు మరి?"

"ఏమీ చెప్పలేదండీ."

"ఇంకా ఇక్కడ ఏం చేస్తున్నారు?" అన్నాడాయన.

బావ ఆయన్ని అలాగే ఒక కంటికి అద్దంతో, ఒక కంటికి చిల్లుతో వదిలేసి, ప్లేయర్ చేతపట్టుకుని, వైరు వెనకాల వేలాడుతుండగా బస్టాండుకి పరుగెత్తాడు. నేను అక్కడే ఉన్నాను, ఇంటికి వెళ్ళే బస్సు కోసం అక్క గది పక్కనే నిలబడి. బావ నన్ను చూడనేలేదు. అక్క గది గాజు పలకకి మొహం ఆనించి, ఊపిరి అందక రొప్పుతూ, "బాగుంది! చాలా బాగుంది!" అన్నాడు.

అక్క మైకు పక్కన పెట్టింది. ఆవిడ మొహం, స్కూల్లో ఆ స్టేజీ ఎక్కకముందు నేను చూసిన చిన్నపిల్ల మొహం అయిపోయింది.

"నిజంగానా?"

"ఒట్టు! నువ్వు పాడాలి. పాడి తీరాలి."

"ఆ చోటు వేరేవాళ్ళకి ఇచ్చేశారండీ. పోతే పోయింది లెండి. మీకు నచ్చింది, నాకు అది చాలు." అక్క చెంగుతో కళ్ళు ఒత్తుకుంది. "ఇంతకీ ఏది నచ్చింది?"

ఇక్కడితో ఆగి ఉంటే బావ బతికిపోయేవాడు. ఆగలేదు.

"ఆ చరణం! చరణంలో గొంతు అలా పైకి తీసుకెళ్ళి, మెల్లగా దింపావు చూడు... నా ఒళ్ళు జలదరించిందనుకో!"

అక్క చెంగు దించింది. "నేను చరణం పాడలేదండీ. మాటలు మరిచిపోతానేమోనని భయమేసి, పల్లవే రెండుసార్లు పాడి ఆపేశాను."

బావ అక్క వైపు చూశాడు. చేతిలో ప్లేయర్ వైపు చూశాడు. ప్లేయర్‌ని కాస్త పైకెత్తి చూపించాడు.

"అదీ... ఈ కొత్త యాప్ ఉంది చూశావూ, ఒక్కోసారి లేనివి కూడా వినిపిస్తుంది."

ఇప్పుడు చెప్పండి! ఆ యాపే లేకపోతే ఆ మనిషి ఆ పూట ఏమైపోయేవాడు? "వినలేదు, తప్పయిపోయింది. ఇప్పుడు పాడు, వింటాను" అనాల్సి వచ్చేది. ఎంత ప్రమాదం తప్పిందో చూడండి. అక్క ఆ మాట కోసమే గాజు పలక అవతల ఇంకాసేపు అతని మొహం వైపు చూస్తూ కూర్చుంది. తర్వాత ఇటు తిరిగి, మైకు దగ్గరికి లాక్కుని, నా బస్సు వచ్చిందని చెప్పింది.